అడవిని కొట్టి బురదనేలను బ్రతికించుట

చెట్టు నాటుట మంచిపని అని మనదేశములో ఒకరు వేరుగా చెప్పనక్కరలేదు. 1950 నుండి ఏటేట వనమహోత్సవము జరుపుకొనుచున్నాము. బడిపిల్లలు మొదలు మంత్రులవరకు పలుగు, పార పట్టి మొక్కలు నాటుదురు. ఇట్టి మనకు, ఒకానొకచోట ప్రకృతి సంరక్షకులే డబ్బు ఖర్చుపెట్టి, ఏపుగా పెరిగిన చెట్లను వేలకొలది హెక్టార్లలో నరికించుచున్నారని చెప్పినచో వింతగా తోచును. నరికినచోట వారు కోరునది పంటపొలము కాదు, ఊరు కాదు, కర్మాగారము కాదు. వారు కోరునది బురదనేల!

ఈ వింత జరుగుచున్నది స్కాట్లండు దేశపు ఉత్తరపు కొసన. దీని కారణము తెలియవలెనన్న చెట్ల కొమ్మలవైపు గాక, వాటి మొదళ్ళ క్రింది నేలవైపు చూడవలెను.

ఏండ్లు గడచినను కుళ్ళని నేల

స్కాట్లండునందు కేత్నెస్, సదర్లండ్ అను రెండు సీమలలో సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఒక విశాలమైన తడినేల కలదు. దీనిని ‘ఫ్లో కంట్రీ’ అందురు. ‘ఫ్లో’ అనుమాట పూర్వము ఆ తీరములకు వచ్చిన నార్సు ప్రజల భాషనుండి వచ్చినది. తడినేల అని దాని అర్థము. అక్కడ చూపు ఆనినంతవరకు చెట్టన్నది అరుదు. ఎఱ్ఱగా, పచ్చగా, గోధుమరంగుగా పరచుకొన్న నాచు. నడుమనడుమ నల్లని నీటిగుంటలు. అడుగుపెట్టిన నేల పరుపువలె దిగి మరల లేచును. క్రొత్తవారు దానిని చూచి ‘పనికిరాని బీడు’ అనుకొనుట సహజము. అట్లనుకొనుటవలననే ఈ కథ అంతయు జరిగినది.

మన తోటలో రాలిన ఆకు ఒకటి రెండు వానకాలములు గడచునప్పటికి మట్టిలో కలిసిపోవును. సూక్ష్మజీవులు, శిలీంధ్రములు దానిని తినివేయును. ఆకులోని కర్బనము బొగ్గుపులుసు వాయువై తిరిగి గాలిలో చేరును. ఈ పని సాగుటకు ఆ జీవులకు ప్రాణవాయువు కావలెను. ఫ్లో కంట్రీలో వాన తరచు, ఎండ తక్కువ. నీరు ఆవిరియగుటకంటె కురియుటయే ఎక్కువగుటచే నేల ఎల్లప్పుడు నీటితో నిండియుండును. నీటమునిగిన పొరలోనికి గాలి చొరదు. అందుచే చచ్చిన మొక్కలు సగము కుళ్ళి, సగము కుళ్ళక, ఒకదానిపై నొకటి పేరుకొనిపోవును. ఈ నల్లని మెత్తని పదార్థమే ‘పీట్’. ఇది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందమున పెరుగును. ఒక మీటరు పెరుగుటకు వేయి సంవత్సరములు పట్టునన్నమాట. ఫ్లో కంట్రీలో కొన్నిచోట్ల పీట్ లోతు 10 మీటర్లవరకు కలదు. హిమయుగము ముగిసి మంచు కరగిన తరువాత మొదలైన పేరుకొనుట అది.

ఈ నేలను కట్టిన మేస్త్రి ఒక చిన్నమొక్క. దాని పేరు స్ఫాగ్నము. ఇది మన గోడలపై వానకాలమున మొలచు పాచికి దూరపు చుట్టము. దీని ఆకులలో సగముకంటె ఎక్కువ భాగము చచ్చి ఖాళీయైన జీవకణములే. ఈ ఖాళీ అరలలో నీరు నిలుచును. తన ఎండుబరువుకు 20 రెట్లవరకు నీటిని స్ఫాగ్నము పట్టియుంచగలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున దూది కరవైనపుడు బ్రిటనులో దీనిని ఏరి, ఎండబెట్టి, గాయములకు కట్టుగుడ్డగా వాడిరి.

స్ఫాగ్నమునకు మరియొక గుణము కలదు. తన చుట్టునున్న నీటినుండి కాల్షియము, మెగ్నీషియము మొదలగు లవణములను లాగుకొని, వాటికి మారుగా ఉదజని అయానులను వదలును. దానివలన నీరు పుల్లనగును. మన ఇండ్లలో మామిడికాయ ముక్కలు చెడక ఏడాదిపాటు నిలుచుట ఎట్లు? ఉప్పు, పులుపు ఉండుటయు, పైన తేలిన నూనె గాలిని చొరనీయకుండుటయు కదా! పీట్ నేల ఇట్టి పెద్ద ఊరగాయ జాడీ. ఇందు నూనెకు బదులు నీరు, ఆవపిండికి బదులు స్ఫాగ్నపు ఆమ్లము. ఈ ఊరగాయలో ఏది పడినను చెడదు. 1950లో డెన్మార్కునందలి టొల్లండ్ అనుచోట పీట్ త్రవ్వుచుండగా ఒక మనుష్యుని శవము బయటపడినది. ముఖముపై ముడుతలు, తలపై తోలుటోపీ అట్లే యున్నవి. నిన్న మొన్న చనిపోయినవాడని తలచి పోలీసులకు కబురుచేసిరి. విచారింపగా ఆతడు 2,000 ఏండ్లకు పైబడిన కాలమున చనిపోయినవాడని తేలినది.

శవమును నిలిపినట్లే ఈ నేల కర్బనమును నిలిపినది. ప్రపంచపు భూభాగములో పీట్ నేలలు 3 శాతము మాత్రమే. అయినను లోకములోని అడవులన్నిటి చెట్లలో నున్న కర్బనముకంటె వీటిలో ఎక్కువ కలదని శాస్త్రజ్ఞుల లెక్క. ఒక్క ఫ్లో కంట్రీలోనే సుమారు 40 కోట్ల టన్నుల కర్బనము నిలువయున్నదని అంచనా. అడవిలో కర్బనము చెట్టు రూపమున కంటికి కనబడును. ఇక్కడ అది కాలిక్రింద దాగియున్నది. కనబడనిదానిని లెక్కలో వేయకపోవుటయే పొరపాటునకు మూలము.

నాగలి వచ్చిన తరువాత

మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటనుకు కలపకొరత ఏర్పడినది. ఆ అనుభవముతో 1919లో అటవీ కమీషనును స్థాపించి, వ్యవసాయమునకు పనికిరాని నేలలలో చెట్లు పెంచుటకు పూనుకొనిరి. లోతైన పీట్ జోలికి మాత్రము చాలకాలము ఎవ్వరును పోలేదు. పశువును, బండియు దిగబడుచోట ఎట్లు సేద్యము చేయుదురు? రెండవ ప్రపంచయుద్ధము తరువాత వెడల్పాటి పట్టాలుగల ట్రాక్టర్లు, బరువైన నాగళ్ళు వచ్చిన పిమ్మట ఆ అడ్డు తొలగినది. నాగలి పీట్‌ను చీల్చి ప్రక్కకు తిరగవేసెడిది. చాలులో నీరు పోవును. బోదెపై మొక్క నాటుదురు. చాళ్ళను పెద్ద కాలువలతో కలిపి నీటిని ఏరులలోనికి మళ్ళించిరి. నేలలో సారము లేనందున భాస్వరము, పొటాషు ఎరువులు చల్లిరి. నాటిన చెట్లు ఆ దేశపువి కావు. ఉత్తర అమెరికా పడమటితీరమునుండి తెచ్చిన సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ అను సూదియాకు చెట్లు.

1980 ప్రాంతమున ఈ నాటుట జోరందుకొనినది. దీనికి కారణము వృక్షశాస్త్రముకంటె పన్నులశాస్త్రము అనవచ్చును. అడవి పెంచుటకైన ఖర్చును ఇతర ఆదాయమునుండి మినహాయించుకొనుటకు నాటి చట్టము వీలు కల్పించినది. అందుచే ఆ నేలను కన్నెత్తి చూడని ధనికులుకూడ అక్కడ చెట్లకు పెట్టుబడి పెట్టిరి. 1987లో బ్రిటిషు ప్రభుత్వపు ప్రకృతి సంరక్షణ మండలి ‘పక్షులు, బురదనేలలు, అటవీకృషి’ అను అర్థమిచ్చు పేరుతో ఒక నివేదిక ప్రకటించి, జరుగుచున్న నష్టమును లెక్కలతో చూపినది. పెద్ద వాదోపవాదములు చెలరేగినవి. 1988 బడ్జెటులో ఆ పన్ను మినహాయింపు రద్దయినది. క్రొత్తగా నాటుట చాలవరకు ఆగినది. కాని నాటినవి పెరుగుచునే యుండెను.

చెట్టు నేలను ఎట్లు చెరచినది?

నష్టము మూడు మెట్లలో జరిగినది. మొదట కాలువలు పీట్‌లోని నీటిమట్టమును దించినవి. తరువాత చెట్లు కమ్ముకొన్నవి. సూదియాకుల గుబురు, కురిసిన వానలో పావువంతుకు పైగా తనపైననే పట్టి ఆవిరిగా పంపివేయును. నేలకు దిగిన నీటిని వేళ్ళు పీల్చును. ఇక మూడవమెట్టు. ఎండిన పీట్ కుంచించుకొని, పగుళ్ళువారి, క్రుంగును. పగుళ్ళగుండ గాలి లోనికి పోవును. వేయియేండ్లుగా ఆకలితో కాచుకొన్న సూక్ష్మజీవులకు విందు దొరకినట్లే! ఊరగాయ జాడీ మూత తీసి, నూనె ఒంపి ఎండలో పెట్టినచో నేమగునో అదియే అయినది. పైన చెట్టు గాలినుండి కర్బనమును కూడబెట్టుచుండగా, క్రింద నేల తన పాతనిలువను గాలిలోనికి వదలుచుండెను.

చీకటి నీడలో స్ఫాగ్నము చచ్చినది. చెట్లుకూడ అన్నిచోట్ల సుఖపడలేదు. లోతుకు పోలేని వేళ్ళుగల చెట్లను గాలివానలు కూల్చినవి. 1970 తరువాతి దశాబ్దములో ఒక జాతి చిమ్మెట పురుగు లాడ్జ్‌పోల్ పైన్ తోటలను పట్టి, ఆకులు తినివేసి, వేలకొలది చెట్లను చంపినది.

పక్షుల నష్టము అడవి హద్దుతో ఆగలేదు. డన్లిన్, గోల్డెన్ ప్లోవర్, గ్రీన్‌షాంక్ మొదలగు పక్షులు వేసవిలో ఈ తడినేలపైననే గూడు కట్టును. వీటిలో గ్రీన్‌షాంక్ మనకు క్రొత్త కాదు. శీతాకాలమున పులికాటు, కొల్లేరు సరస్సుల అంచులను పొడవైన పచ్చనికాళ్ళతో తిరుగు పిట్ట అదియే. మనకు వచ్చునవి స్కాట్లండు పక్షులు కావు, ఉత్తరాసియానుండి దిగునవి. జాతి మాత్ర మొక్కటే. నేలమీద గూడుపెట్టు పక్షికి దూరమునుండి శత్రువును చూచుటయే రక్ష. చెట్లగుంపు నక్కకు, కాకికి చాటు ఇచ్చును. అందుచే డన్లిన్, గోల్డెన్ ప్లోవరులు అడవి అంచునుండి అరకిలోమీటరుకు మించిన దూరమువరకు నేలను విడిచిపెట్టుచున్నవని పరిశోధనలు తెల్పినవి. వంద హెక్టార్ల తోట, చుట్టునున్న మరికొన్ని వందల హెక్టార్లను పక్షులకు పాడుచేసినదన్నమాట.

గొడ్డలితో మొదలు, నీటితో ముగింపు

1995లో ఆర్.ఎస్.పి.బి. అను బ్రిటిషు పక్షిసంరక్షణ సంఘము ఫోర్సినార్డ్ అనుచోట విశాలమైన పీట్ భూమిని కొనినది. ఆ దశాబ్దపు చివరినుండి అక్కడ చెట్లను తొలగించుట మొదలైనది. నేటివరకు రెండువేల హెక్టార్లకు పైగా తోటను తొలగించిరి. ప్రభుత్వ అటవీశాఖవారును తమ భూములలో కొంతమేర ఇట్లే చేయుచున్నారు.

తొలుత చేసిన పద్ధతి తేలికైనది. కలపగా అమ్మదగినంత లావు లేని చెట్లను కొట్టి, చాళ్ళలోననే పడవేసి, పెద్దకాలువలకు అడ్డుకట్టలు వేసిరి. కొన్నిచోట్ల స్ఫాగ్నము తిరిగి వచ్చినది. కొన్నిచోట్ల బోదెలు ఎండియే యుండి, గాలికి కొట్టుకొనివచ్చిన గింజలనుండి స్ప్రూస్ మొక్కలు మరల మొలచినవి. చెట్టును తీసినంతమాత్రమున బురదనేల తిరిగి రాదని, తీయవలసిన అసలు వస్తువు చెట్టుకంటె చాలు అని అప్పుడు తెలిసినది. పెద్దకాలువలు పూడ్చినను, ప్రతి చాలును ఒక చిన్నకాలువయై నీటిని దొంగిలించుచుండెను.

అందుచే నేడు పని రెండవమెట్టుకు పోయినది. వెడల్పు పట్టాల యంత్రములతో చాళ్ళకు అడుగడుగున పీట్‌తోనే అడ్డుకట్టలు వేయుదురు. బోదెను చాలులోనికి నెట్టి చదును చేయుదురు. మొద్దులను పెకలించి, తలక్రిందుగా త్రిప్పి, పీట్‌లో నొక్కివేయుదురు. పగుళ్ళను పిసికి మూయుదురు. మన రైతు వరిమడిలో గట్టు తెగినచోట మట్టి వేసి, దమ్ము చేసి, మడి అంతట నీరు సమముగా నిలుచునట్లు చేయుటకు దీనికి పోలిక కలదు. ఉద్దేశ్య మొక్కటే: పడిన వానచినుకు పడినచోటనే నిలువవలెను. నీటిమట్టము నేలపొరకు చేరినచో స్ఫాగ్నము తానే వచ్చును.

హీత్ నేలల సంగతి వేరు

ఇంగ్లండు దక్షిణభాగమున ఇట్టి పనియే హీత్ నేలలలోను జరుగుచున్నది. హీత్ అనగా సారములేని పుల్లని ఇసుకనేలపై హెదర్ అను ఊదాపూల పొదలు పెరుగు మైదానము. దానిలోని పల్లపుచోట్ల బురదయు నుండును. అట్టి ఒక హీత్‌పైననే 1860 వేసవిలో ఛార్లెస్ డార్విన్, జిగురు ఆకులతో పురుగులను పట్టు డ్రోసిరా మొక్కను గమనించెను. దాని ఫలితముగా కీటకాహారి మొక్కలపై ఆయన గ్రంథము 1875లో వెలువడెను. నత్రజని దొరకని నేలలో మొక్కలు పురుగులను వేటాడి దానిని సంపాదించుకొనును. డ్రోసిరాలు మన ఆంధ్రదేశపు తడి ఇసుకనేలలలోను కలవు.

హీత్ పూర్తిగా ప్రకృతి సిద్ధము కాదు. వేలయేండ్ల క్రిందట మనుష్యులు అడవి నరికినచోట, పశువులు మేయుటవలనను, వంటచెరకుకై పొదలు కోయుటవలనను అది నిలిచినది. ఆ అలవాట్లు పోయినపిమ్మట, 1800 నుండి నేటికి ఇంగ్లండులోని పల్లపు హీత్‌లలో 80 శాతమునకు పైగా అంతరించినవి. కొంత పొలమైనది, కొంత ఊరైనది, కొంత పైన్ తోటయైనది. మిగిలిన ముక్కలు ఒకదానికొకటి దూరమై, అందలి బల్లులు, సీతాకోకచిలుకలు ఒకచోటినుండి మరియొకచోటికి పోలేని స్థితి ఏర్పడినదని డార్సెట్ సీమను పరిశీలించి నార్మన్ మూర్ 1962లో వ్రాసెను.

హీత్‌ను తిరిగి తెచ్చుటలో ఒక సౌలభ్యము కలదు. హెదర్ గింజలు నేలలో అనేక దశాబ్దములు ప్రాణముతో నుండును. చెట్లు తీసి, రాలిన సూదియాకుల పొరను గీకివేసి వెలుతురు తగులనిచ్చినచో అవి మొలచును. కాని అంతటితో పని తీరదు. పశువులను తోలకపోయినచో, మొలచిన పైన్ మొక్కలను ఏటేట పీకకపోయినచో తిరిగి అడవియగును. బురదనేలకు నీరు కావలెను. హీత్‌కు కాపరి కావలెను. రెంటికిని ఒకే వైద్యము పనికిరాదు.

లెక్క తేలుటకు కాలము పట్టును

చెట్లను కొట్టుట నిజముగా లాభమేనా అను ప్రశ్న న్యాయమైనది. దీనికి ‘ఔను’ అని ఒక్కమాటలో చెప్పుట శాస్త్రము కాదు.

మొదటి చిక్కు: కొట్టిన కొమ్మలు, ఆకులు కుళ్ళునపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును, భాస్వరము మొదలగునవి నీటిలో కరిగి ఏరులలో చేరును. ఆ ఏరులు సాల్మన్ చేపలకు నెలవులు. అందుచే ఒక ఏటి పరీవాహమునందలి చెట్లన్నిటిని ఒక్కసారి కొట్టక, విడతలుగా కొట్టుదురు. వీలైనచోట కొమ్మలను బయటికి తరలింతురు.

రెండవ చిక్కు: నీరు నిలిచిన నేలనుండి మీథేను వాయువు వచ్చును. నూరేండ్ల లెక్కలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె 28 రెట్లు వేడిమిని పట్టునది. అయితే గాలిలో దాని ఆయువు సుమారు పన్నెండేండ్లే. బొగ్గుపులుసు వాయువులో కొంతభాగము వేలయేండ్లు నిలుచును. ఎండిన పీట్ ఏటేట వదలు కర్బనము గాలిలో కూడుచునే యుండును. అందుచే దీర్ఘకాలమున తడినేలయే మేలు.

ఈ సంగతిని ఊహకు వదలక, ఫోర్సినార్డ్ ప్రాంతమున స్తంభములు పాతి, గాలి పైకి క్రిందికి కదలుటను, అందలి బొగ్గుపులుసు వాయువును క్షణమునకు అనేక పర్యాయములు కొలుచు పరికరములు అమర్చిరి. చెట్లు కొట్టి పదేండ్లయినచోట నేల ఇంకను కర్బనమును వదలుచునే యుండెను. పదునారేండ్లయినచోట అది తిరిగి కర్బనమును గ్రహించుచుండెను. అనగా తొలి పదేండ్ల లెక్క చూచి పని వృథాయని తీర్పు చెప్పినవాడు తప్పుదారి పట్టును. అట్లే, కొట్టిన మరునాడే లాభము వచ్చునని ఆశించువాడును నిరాశపడును.

మూడవ చిక్కు ఖర్చు. పాడుచేయుటకు ఒకసారి, బాగుచేయుటకు మరియొకసారి ప్రజల ధనము పోయినది. అందుచే బ్రిటను అటవీ నియమములు ఇప్పుడు 50 సెంటీమీటర్లకు మించిన లోతుగల పీట్‌పై క్రొత్తతోటలు వేయరాదని కట్టడి చేసినవి. నాటకముందు ఒక ఇనుపకడ్డీని నేలలో గ్రుచ్చి లోతు చూచుటకు పట్టు కాలము కొద్ది నిమిషములే. అది చేయకపోయినందుకు కట్టిన మూల్యము దశాబ్దములు.

మనకు దీనివలన తెలియునది

2024 జూలైలో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ వారసత్వ సంఘ సమావేశమున ఫ్లో కంట్రీలోని సుమారు 1,87,000 హెక్టార్ల భూమి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. ఒకనాడు పనికిరాని బీడు అనిపించుకొన్న బురదకు మన రాజధానిలోనే ఆ గౌరవము దక్కుట గమనింపదగినది.

దక్షిణ భారతమునను పీట్ కలదు. నీలగిరుల ఎత్తుపచ్చికల నడుమ పల్లములలో పేరుకొన్న పీట్‌ను పరీక్షించి, గత 20,000 ఏండ్ల వాతావరణపు మార్పులను ఆర్. సుకుమార్ మొదలగు భారతీయ శాస్త్రజ్ఞులు 1993లో వివరించిరి. ఆ పచ్చికలపై ఆంగ్లేయుల కాలమునుండి ఆస్ట్రేలియా వాటిల్, యూకలిప్టస్ చెట్లను నాటుచు వచ్చిరి. ఇప్పుడు కొన్నిచోట్ల వాటిని తొలగించి పచ్చికను తిరిగి తెచ్చు ప్రయత్నములు జరుగుచున్నవి. వాటిల్ గింజలు ఏండ్లతరబడి నేలలో నిలిచి మరల మొలచుటచే అక్కడను పని గొడ్డలితో తీరుటలేదు.

ఇదంతయు చెట్టుకు విరోధముగా చెప్పినది కాదు. నల్లమల వంటి సహజమైన అడవిని కొట్టుటకు ఇందులో ఏ సాకును దొరకదు. అడవి నేలలో అడవియే యుండవలెను. కాని చెట్టులేని నేల అంతయు చెట్టుకై ఎదురుచూచు నేల కాదు. పచ్చికనేలకు, తడినేలకు, ఇసుకనేలకు వాటి వాటి బ్రతుకు వేరే కలదు. మొక్క చేతపట్టుకొని గుంత త్రవ్వబోవునపుడు, ‘ఈ నేలలో ఇంతకుముందే ఏమి యున్నది?’ అని ఒక్కసారి అడిగి, తెలిసికొని, తరువాత పార దింపుట మంచిది. పది మీటర్ల పీట్ ఏర్పడుటకు పదివేల ఏండ్లు పట్టినది. దానిని చీల్చుటకు ఒక ట్రాక్టరుకు ఒక పూట చాలినది.